ఒకే దయ్యం సినిమా ఒకరిని వణికించి ఇంకొకరిని నవ్విస్తుందెందుకు?

మీరు దుప్పటి కప్పుకుని చూసిన సినిమాకి మీ తమ్ముడు పగలబడి నవ్వాడంటే అందులో వింతేం లేదు. ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు. చడీచప్పుడు లేని సీన్లో ఒక్కసారి ధన్‌మంటే ఎవరైనా ఎగిరిపడతారు, అది ఒళ్లు తనంతట తాను చేసే పని. అదే సీన్ మ్యూట్‌లో పెట్టి చూడండి, సగం దయ్యం మాయం. అసలు భయం మాత్రం చూసేవాళ్ల దగ్గర ముందే ఉండాలి, సినిమా దాన్ని తట్టి లేపుతుందంతే.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దిక్కు పల్లె. ఓసారి టీవీలో ‘ది కంజూరింగ్’ పెడితే అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ తాపీగా చూసింది. శిలువ, లాటిన్ మంత్రాలు ఆమెకేం పట్టలేదు. "ఇంగిలీషోళ్ల దయ్యం, మన దిక్కు ఎందుకొస్తది?" అన్నది. అదే అమ్మ ‘విరూపాక్ష’లో చేతబడి రాగానే చేట పక్కన పెట్టేసి, "బందు జెయ్ రా" అన్నది. మూడుబాటల కాడ నిమ్మకాయ, కుంకుమ కనిపిస్తే చుట్టూ తిరిగి నడిచే మనిషి ఆమె. మా దిక్కు బాణామతి అన్న మాట ఇప్పటికీ గట్టిగా అనరు.

నాకూ ఆ సినిమా భయమే, కానీ వేరే చోట. మొదట్లో చేతబడి అనుమానంతో మొగుడూపెళ్లాలను ఊరోళ్లు కాల్చేస్తారు చూడండి, అక్కడ. అలాంటి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు పేపర్లో చదివి పెరిగినోళ్లం. క్షుద్రపూజలంటే నమ్మకం లేదు గానీ గుంపంటే నాకు భయం.

మా బావ ఇంకో రకం. రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో ఒక్కడే బాయికాడికి పోయి మోటరు పెట్టి వచ్చినోడు. చీకటి, గాలి, గజ్జెల చప్పుడు ఆయన ముందు పనిచేయవు. తెర మీద పాము కనిపిస్తే మాత్రం కాళ్లు తీసి సోఫా మీద పెట్టుకుంటాడు!

జనాన్ని బట్టి కూడా మారుతుంది. సెకండ్ షోలో పక్కనోడు ఈల వేశాడా, దయ్యం పని అయిపోయినట్టే. ఇంట్లో ఒక్కరే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తలుపు కిర్రుమన్నా చాలు.

అక్క సంగతే నాకు ఎక్కువ గుర్తు. ‘మసూద’ (2022)లో దయ్యం పట్టిన కూతురిని చూసి తల్లి పడే గాభరా ఉంటుంది. పాపకు డెంగీ వచ్చి ఆస్పత్రిలో పడుకోబెట్టిన ఏడాదే అక్క అది చూసింది. దయ్యం మొఖం చూసి జడవలేదు. కన్నబిడ్డ తల్లిని గుర్తుపట్టనట్టు చూసే చోట లేచి వంటింట్లోకి పోయింది. ఇప్పుడు ఏ దయ్యం సినిమా పెట్టినా ముందు అడిగేది ఒకటే: "పిల్లలున్నరా అండ్ల?"