తాడు లాగక ముందు

అల్లుడా,

నిన్న రాత్రి ఫోన్లో "మామా, గడ్డి కోసే మిషన్ వచ్చింది, పొద్దున్నే మొదలుపెడతా" అన్నావు. వెనక నుంచి మీ అమ్మ "ఆగమని చెప్పు అన్నా" అనడం కూడా వినపడింది. ఫోన్లో చెప్తే నువ్వు ఊ కొట్టి వదిలేస్తావు. అందుకే రాసి పంపుతున్నా. పెట్టె పక్కన పెట్టుకుని చదువు.

నేను పరకాల దగ్గర ఇలాంటి మిషనే, పెట్రోల్ బ్రష్ కట్టర్, పట్టి ఎనిమిదేళ్లయింది. నా పత్తి చెల్క గట్లే కాదు, కిరాయికి పోయి చాలామంది తోటలు కోశాను. ఇన్నేళ్లలో ఒక్కసారే చెయ్యి కాలింది. అది కూడా మిషన్ నడుస్తున్నప్పుడు కాదు, ఆపిన తర్వాత. నా కుడి మణికట్టు మీద మచ్చ చూసి రాఖీ కట్టేటప్పుడు మీ అమ్మ అడిగితే, చాయ్ ఒలికిందని చెప్పాను. అది చాయ్ కాదు, పెట్రోల్.

ఆ రోజు ఒకరి మామిడి తోటలో పని. ఇంకో నాలుగు సాళ్లు ఉండగానే ట్యాంకు అయిపోయింది. పడమర మబ్బు కమ్ముకొస్తున్నది. వాన పడేలోపు ముగిద్దామని ఇంజన్ ఆపిన మరుక్షణమే మూత తిప్పి, వాటర్ బాటిల్‌లో తెచ్చిన పెట్రోల్ పోశాను. కొంచెం ఒలికి సైలెన్సర్ మీదికి జారింది. బుస్సుమన్నది, అంతే. ఎండలో పెట్రోల్ మంట సరిగ్గా కనపడదు, చెయ్యి చుర్రుమన్నాకే తెలిసింది. భయంతో చేతిలో ఉన్న బాటిల్ విసిరేశాను. అది పోయి ఎండుగడ్డిలో పడి అక్కడా అంటుకుంది. తోటలో పనిచేస్తున్న ఒకామె నీళ్ల బిందె మీద కప్పిన తడి గోనె సంచి తెచ్చి పరిచింది కాబట్టి సరిపోయింది. ఆమె నీళ్లు కుమ్మరించి ఉంటే పెట్రోల్ నీటి మీద తేలి మంట ఇంకా పారేది.

అందుకే ముందు పెట్రోల్ సంగతే చెప్తా.

నీది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా చూడు. ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజన్ ఆయిల్ పోసే మూత వేరుగా ఉంటుంది. బైకుకు పోసినట్టే ఆయిల్ అందులో, ఉత్త పెట్రోల్ ట్యాంకులో. కొత్త ఫోర్ స్ట్రోక్ మిషన్లు ఎక్కువగా ఆయిల్ లేకుండానే పెట్టెలో వస్తాయి, పోయకుండా తాడు లాగకు. నువ్వు చెప్పిన ధరను బట్టి నీది టూ స్ట్రోక్ అనుకుంటున్నా. దీనికి వేరే ఆయిల్ గది ఉండదు. పెట్రోల్లో కలిసిన 2టీ (టూ స్ట్రోక్) ఆయిలే లోపల పిస్టన్‌ను తడుపుతుంది. ఉత్త పెట్రోల్ పోసి నడిపితే కాసేపటికే పిస్టన్ పట్టేస్తుంది. మా ఊర్లో ఒకాయన కొత్త మిషన్ మొదటి రోజే అలా పోయింది. కొడుకు బండికి తెచ్చిన పెట్రోల్ తెలియక పోసేశాడు.

ఎంత కలపాలన్నది నీ మిషన్ పుస్తకంలో ఉంటుంది. 25:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 40 మిల్లీలీటర్ల ఆయిల్, 40:1 అంటే 25, 50:1 అంటే 20. "ఒక మూత పోస్తే చాలు" అని అంగట్లో చెప్తారు. ఏ డబ్బా మూత, ఎంత మూత? మందుల షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి అడుగు, సూది అక్కర్లేదు. దాన్ని దీనికే ఉంచు. మిర్చికి మందు కొలిచే మూత మాత్రం ఇందులోకి తేవద్దు, ఇది అందులోకి పోవద్దు. ముందు సగం పెట్రోల్ పొయ్యి, ఆయిల్ వెయ్యి, మూత బిగించి బాగా ఊపు, తర్వాత మిగతా సగం. 2టీ ఆయిల్‌కు రంగు వేసి ఉంటుంది కాబట్టి కలిసిన పెట్రోల్ రంగు మారుతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే కలిపినదేదో ఉత్తదేదో తెలుస్తుంది. అయినా క్యాన్ మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో రాయి. కలిపేది ఆరుబయట, పొయ్యికి దూరంగా. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగి నేల వెంట పాకుతుంది. వసారాలో కలిపితే వంటింటి గడప దాటి పోతుంది.

వాటర్ బాటిల్ వద్దని మళ్లీ చెప్తున్నా. మంట సంగతి ఒకటైతే, బాయి కాడ దాహమేసిన పిల్లగాడు దాన్ని ఎత్తుకుని తాగితే ఏంది గతి? పెట్రోల్ కోసమే చేసిన గట్టి క్యాన్ కొను. బంకులో నింపేటప్పుడు దాన్ని బండి మీద, ఒళ్లో పెట్టుకోకు, నేల మీద పెట్టి పట్టించు. ఎండలో ఉంచిన క్యాన్ లోపల ఆవిరి పట్టి ఉబ్బుతుంది, మూత ఒక్కసారి తిప్పితే ముఖాన చిమ్ముతుంది. నీడన పెట్టు, మెల్లగా తిప్పు.

ఎక్కువ కలిపి దాచుకోవడం కూడా వద్దు. ఇప్పుడు బంకు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన వానాకాలంలో సంగతి చెప్పనక్కర్లేదు. నెలల తరబడి ఉంచితే నీళ్లు అడుగుకు దిగుతాయి, కార్బొరేటర్లోని రబ్బరు పొరలు గట్టిపడతాయి. కొన్ని మిషన్ల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం మించొద్దని రాసి ఉంటుంది, నీది ఒకసారి చూసుకో. నేనైతే ఆ వారానికి సరిపడా ఒకటి రెండు లీటర్లే కలుపుతా.

ట్యాంకులో పోసేటప్పుడు ఇంజన్ చల్లబడాలి. ఎంతసేపు అంటే, ఇంటికి పోయి నింపాదిగా చాయ్ తాగి వచ్చేంత సేపు. బీడీ కాల్చేంత సేపు అని మాత్రం లెక్కపెట్టకు, ఆ బీడీ ఆ చుట్టుపక్కల ఉండనే కూడదు. గడ్డి లేని మట్టి నేల చూసి, మిషన్‌ను మూత పైకి వచ్చేట్టు పడుకోబెట్టి, గరాటుతో పొయ్యి. నిండా పోయకు, రెండు వేళ్ల వెలితి ఉంచు. ఒలికింది గుడ్డతో తుడువు. అక్కడే తాడు లాగకు, కనీసం పదడుగులు అవతలికి తీసుకుపో. బట్టల మీద ఒలికితే మార్చుకున్నాకే మిషన్ ముట్టు. ఒక తడి గోనె సంచి ఎప్పుడూ దగ్గర ఉండాలి. నాకు ఆ రోజు నుంచి అది అలవాటైంది.

ఇక పెట్టెలోని సామాను. రాడ్డు, హ్యాండిల్ బిగించడం నువ్వే చేయగలవు, బొమ్మలు ఉంటాయి. కష్టమంతా బ్లేడు నట్టు దగ్గర. దానిది ఉల్టా మర. మామూలు నట్టు కుడికి తిప్పితే బిగుస్తుంది, ఇది ఎడమకు తిప్పితే బిగుస్తుంది. తెలియక విప్పుతున్నా అనుకుంటూ పానాకు పైపు తగిలించి బలమంతా పెట్టి మర పాడుచేసిన వాళ్లను చూశా. గేర్ బాక్సు పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. అందులో అలెన్ కీ దూర్చి, లోపలి వాషర్ గంటుకు కలిసేదాకా బ్లేడును మెల్లగా తిప్పు. టక్కున ఆగుతుంది. అప్పుడు బిగించు. అయ్యాక అలెన్ కీ తియ్యడం మర్చిపోకు. బ్లేడు చెయ్యితో ముట్టే ప్రతిసారీ ప్లగ్గు క్యాప్ పీకి ఉంచు.

బ్లేడు దగ్గర రాళ్లు నీ మీదికి చిమ్మకుండా ఉండే అడ్డు, అదే గార్డు, బిగించకుండా పని మొదలుపెట్టకు. నాకు మిషన్ అమ్మిన అంగడాయన "గార్డు గడ్డికి అడ్డమొస్తది, తీసెయ్" అన్నాడు. రెండో రోజే గులకరాయి మోకాలి చిప్పకు తగిలి వారం కుంటాను. బ్లేడుకు బదులు గడ్డి కోసే నైలాన్ దారం అయిపోతే బైండింగ్ వైరో, క్లచ్ కేబులో కట్టుకుని కోస్తుంటారు. వాళ్ల దగ్గర కూడా నిలబడకు. ఆ ముక్క తెగితే తుపాకీ గుండుకు దానికి తేడా లేదు.

బెల్టు వేసుకుని మిషన్ తగిలించి చేతులు వదిలితే, బ్లేడు నేలకు సమంగా, కొంచెం పైన వేలాడాలి. లేకపోతే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. గబుక్కున విప్పే లాక్ ఏదో ముందే చూసుకుని కళ్లు మూసుకుని నాలుగుసార్లు విప్పు. లుంగీ వద్దు, మెడలో కండువా వద్దు. ప్యాంటు, బూట్లు, కళ్లద్దాలు, చెవుల్లో దూది కాదు, ఇయర్ మఫ్‌లు. వయ్యారిభామ కోసే రోజు ముక్కుకు గుడ్డ కట్టుకో. దాని పుప్పొడి, రసం పడితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. పూత రాకముందే కోస్తే నీకూ మంచిది, తోటకూ మంచిది.

మొదటి రోజు మిషన్ పట్టుకునే ముందు కట్టె ఒకటి తీసుకుని తోటంతా నడువు. రాళ్లు, ముళ్ల కంచె తీగ ముక్కలు, డ్రిప్ పైపులు ఏరి పక్కన పెట్టు. గడ్డిని తట్టుకుంటూ పో, పాముంటే అదే పక్కకు తప్పుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం మోటరు వైరు. మీ పాకాల ఆయకట్టు కింద బాయిలు, బోర్లు కూడా ఉన్నాయి. స్టార్టర్ డబ్బా నుంచి బాయి దాకా వైరు నేల మీదే గడ్డిలో పడి ఉంటుంది. మన చిన్నప్పుడు కరెంటు వంతుల వారీగా వచ్చేది, ఎప్పుడొస్తదో తెలిసేది. 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా అన్నారు, పైగా చాలామందికి కరెంటు రాగానే మోటరును నడిపే ఆటో స్టార్టర్లే. మోటరు ఆగి ఉందంటే వైరులో కరెంటు లేదని కాదు. ఇనుప బ్లేడు ఆ వైరు మీద పడితే చెప్పేదేముంది. ఫ్యూజులు పీకి జేబులో వేసుకో. వైరు ఉన్న చోట కొడవలే వాడు, మిషన్ వద్దు. ఈ మాట ఒక్కటి నువ్వు చదివినట్టు నాకు ఫోన్ చేసి చెప్పాలి.

తాడు లాగడం పెద్ద విద్య కాదు. స్విచ్ ఆన్ చేసి, పెట్రోల్ బుడగను ఏడెనిమిదిసార్లు నొక్కి, చోక్ మూసి, మిషన్‌ను నేల మీద అదిమి పట్టి లాగు. బ్లేడు దేనికీ తగలకూడదు. ఒకసారి దగ్గినట్టు అయి ఆగుతుంది, అప్పుడు చోక్ తెరిచి మళ్లీ లాగు. వేడి ఇంజన్‌కు చోక్ అక్కర్లేదు. తాడు చివరిదాకా గుంజకు, చేతిలోంచి వదిలేయకు. స్లోలో ఉన్నప్పుడు బ్లేడు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ తగ్గించాలి, లేదా క్లచ్ చూపించాలి.

కోసేటప్పుడు కుడి నుంచి ఎడమకు, అర్ధచంద్రంలా. పై నుంచి చూస్తే బ్లేడు ఎడమ వైపు తిరుగుతుంది కాబట్టి, దాని ముందు కుడి మూల మొద్దుకో రాతికో తగిలితే మిషన్ ఎగిరి కుడికి తంతుంది. గట్టి కాడలకు ఎడమ వైపు అంచు పెట్టు. నీ చుట్టూ 50 అడుగుల్లో మనిషి ఉండకూడదు, మేక కూడా. కోసిన గడ్డి బర్లకు ఎత్తుకునేవాళ్లు వెనకనే వస్తామంటారు. సాలు పూర్తయి ఇంజన్ ఆగాకే రమ్మను.

నీ మామిడి మొక్కలు నాటి రెండేళ్లే కదా. మొదళ్ల చుట్టూ అడుగు దూరం మిషన్ పెట్టకు. నైలాన్ దారం బెరడును చుట్టూ గీసేస్తుంది, పైకి ఏమీ కనపడదు, నెలకు మొక్క ఎండుతుంది. నావి మూడు పోయాయి. చీడ పట్టిందనుకుని మందు కూడా కొట్టాను.

ఒక ట్యాంకు అయ్యాక అరగంట కూర్చో, వేళ్లు తిమ్మిరెక్కితే ఆ పూట చాలు. గాలి వడకట్టే ఫోమ్ ఫిల్టర్ సబ్బు నీళ్లతో ఉతికి ఆరబెట్టు, 25 గంటల పనికోసారి గేర్ బాక్సులో గ్రీజు చూడు. నెల దాకా పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయ్యేదాకా ఇంజన్ నడిపి ఆపు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నర్సంపేటలో దిగుతా. గార్డు స్క్రూలు పెట్టె అడుగున చిన్న కవర్లో ఉంటాయి, అట్టతో పాటు మీ అమ్మ పారేయకముందే తీసి పెట్టు. సిరంజి, క్యాన్ కొని ఉంచు. పెట్రోల్ మాత్రం తేవద్దు, దారిలో బంకులో ఇద్దరం కలిసి పట్టిద్దాం.

మీ మామ