పేరు అక్కడ, పని ఇక్కడ

ప్రశ్న: మా స్కూల్ కంప్యూటర్లలో ఉత్తరాలు, లెక్కల పట్టికలు చేసుకునే ఓపెన్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాం. మీరు లిబ్రే ఆఫీస్ మంచిదంటున్నారు. ఆ పేరే వినలేదు. రెండూ ఉచితమే కదా, తేడా ఏమిటి?
– ఒక టీచర్, ఖమ్మం

జవాబు: వినకపోవడం మీ తప్పు కాదమ్మా. పదేళ్లపాటు పత్రికల్లో ఓపెన్ ఆఫీస్ పేరే మోగింది. దాన్ని నడిపిన సన్ మైక్రోసిస్టమ్స్‌ను 2010 జనవరిలో ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమానిపై నమ్మకం కుదరక, చాలామంది డెవలపర్లు సెప్టెంబరులో బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే సొంత సంస్థ పెట్టుకున్నారు. కోడ్ ఓపెన్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు కాబట్టి వెంట తెచ్చుకోగలిగారు. పేరు ఇవ్వమని ఒరాకిల్‌ను అడిగినా దక్కలేదు. అలా లిబ్రే ఆఫీస్ పుట్టింది. పాత పేరు 2011లో అపాచీ ఫౌండేషన్ అనే మరో సాఫ్ట్‌వేర్ సంస్థకు చేరింది.

నాకు బాధ కలిగించేది ఇదే: పని ఇక్కడ, లిబ్రేలో జరుగుతుంటే జనం ఇంకా పాత పేరే వెతుకుతున్నారు. 2014లో 4.1 వెర్షన్ వచ్చాక ఓపెన్ ఆఫీస్‌లో జరిగినవి చిన్న సవరణలే. డాక్స్ (.docx, మైక్రోసాఫ్ట్ వర్డ్) ఫైలును తెరుస్తుంది గానీ, అలా సేవ్ చేయడం దానికి రాదు. మా అమ్మాయి కాలేజీ రిపోర్టు డాక్స్‌లోనే కావాలంటే, రాత్రి పదకొండింటికి టెన్షన్ పడుతూ లిబ్రే ఆఫీస్ దించుకున్నాం.

లిబ్రేలోనూ కంపెనీలున్నాయి. కొలాబొరా లాంటివి జీతాలిచ్చి కోడ్ రాయిస్తాయి. అది తప్పనను. కానీ పేరు డాక్యుమెంట్ ఫౌండేషన్ చేతిలో ఉంది.

సెలవుల్లో మార్చేయండి. మీ పాత ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి.