యెతి, బిగ్‌ఫుట్ పాదముద్రల్లో తేడా ఏమిటి? వాటిని ఆధారాలుగా నమ్మవచ్చా?

ఈ రెండూ మనిషిలా రెండు కాళ్ల మీద నడుస్తాయని చెప్పుకునే, ఒళ్లంతా వెంట్రుకలున్న భారీ జీవులు; ఉన్నాయని రుజువు కాలేదు. ముందు చూడాల్సింది నేల. యెతి గుర్తులు ఎక్కువగా హిమాలయాల మంచులో పడ్డవి, బిగ్‌ఫుట్‌వి ఉత్తర అమెరికా అడవుల బురదలో, ఇసుకలో దొరికినవి.

మంచులో గుర్తు అలాగే ఉండదు. ఎండకు అంచులు కరిగి వెడల్పవుతుంది. పైగా ఎలుగుబంటి వెనక పాదం ముందు పాదం గుర్తు మీద కాస్త అటూ ఇటూగా పడితే, రెండూ కలిసి ఒకే పొడవాటి పాదంలా కనిపిస్తాయి. 1951లో హిమాలయాల్లోని మెన్‌లుంగ్ హిమానీనదం మీద బ్రిటిష్ పర్వతారోహకుడు ఎరిక్ షిప్టన్ ఫొటో తీసిన ముద్ర సుమారు 13 అంగుళాలు. కొలత కోసం పక్కన మంచుగొడ్డలి పెట్టారు. 2019లో నేపాల్‌లోని మకాలు పర్వత శిబిరం దగ్గర కనిపించాయంటూ భారత సైన్యం చూపినవి 32 అంగుళాలు. అంత పొడవు ఒక్క పాదానిదని నేను ఒప్పుకోలేను.

బిగ్‌ఫుట్ విషయంలో అసలు చిక్కు మోసం. 1958లో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్‌లో 16 అంగుళాల ముద్రలు సంచలనమయ్యాయి. 2002లో అక్కడ రోడ్డు పనుల కాంట్రాక్టర్‌గా ఉన్న రే వాలెస్ చనిపోయాక, ఆ ముద్రలు వేయడానికి ఆయన వాడినవంటూ కుటుంబసభ్యులు చెక్క పాదాలు బయటపెట్టారు. ముద్రల్లో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చుల్లో కనిపించే, వేలిముద్రల్లాంటి చర్మరేఖలనూ వెంటనే నమ్మకూడదు: పొడి మట్టి ప్లాస్టర్‌లోని నీటిని పీల్చేస్తే అలాంటి గీతలే పడతాయి.

ఫొటో చూస్తే బొటనవేలు వెతకండి. మనిషికి పెద్ద వేలు లోపలి వైపు, ఎలుగుకు బయటి వైపు. ఒక్క ముద్ర చాలదు, నడక వరుస, అడుగుల మధ్య దూరం, పక్కన స్కేలు కావాలి. వాటికన్నా డీఎన్‌ఏ గట్టిది: 2017లో యెతివిగా చెప్పిన 9 నమూనాలను పరీక్షిస్తే 8 ఎలుగులవి, ఒకటి కుక్కది.