పుట్టుమచ్చ తీయించడానికి వెయిటింగ్ పీరియడ్ అయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న: నా వయసు 41. అరికాల్లో ఉన్న పుట్టుమచ్చ కొన్ని నెలలుగా పెరుగుతోంది, ఒక అంచు బాగా నల్లబడింది. తీసి బయాప్సీకి పంపాలని చర్మవైద్యులు చెప్పారు. నా ఆరోగ్య బీమా పాలసీ కొత్తది, వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) ఇంకా ఉంది. అది అయ్యేదాకా ఆగొచ్చా? లేజర్‌తో తక్కువ ఖర్చులో తీసేస్తామని ఇంకో క్లినిక్‌లో అంటున్నారు. రిపోర్టు రాకముందే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చేది) కూడా తీసుకోవచ్చా?

జవాబు: ఆగకండి. అత్యవసర నిధి నుంచి తీసైనా సరే, వీలైనంత త్వరగా తీయించండి. ఆగినా బీమాలో మీకు కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ చూసేది ఆపరేషన్ తేదీ ఒక్కటే కాదు. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, మొదట డాక్టర్‌కు ఎప్పుడు చూపించారు అన్నవీ అడుగుతారు. అవి ఇప్పటికే మీ చీటీలో ఉన్నాయి.

పైగా ఇది మెలనోమా (పుట్టుమచ్చలా కనిపించే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) అయితే, ఖర్చును నిర్ణయించేది అది చర్మంలోకి దిగిన లోతు. పైపొర దాటకపోతే మచ్చ చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు చర్మం తీస్తే సాధారణంగా సరిపోతుంది. లోతు 2 మిల్లీమీటర్లు దాటితే ఆ వెడల్పు 2 సెంటీమీటర్లకు పెరుగుతుంది. అరికాల్లో అంత తీస్తే వేరేచోటి చర్మం తెచ్చి అతికించాల్సి రావచ్చు, కొన్ని వారాలు కాలు మోపలేరు. లోతు 0.8 మిల్లీమీటరు దాటిన దగ్గర్నుంచే, క్యాన్సర్ పాకిందేమో చూసే లింఫ్ గ్రంథి పరీక్ష మాట వస్తుంది. అంటే మరో ఆపరేషన్, మరో బిల్లు. ఇంకా ముదిరితే నెలల తరబడి మందులు. ఆ స్థాయి ఖర్చుకు ఏ కుటుంబ బడ్జెట్టూ తట్టుకోదు.

లేజర్ సంగతి: అనుమానం ఉన్న మచ్చకు అది వద్దే వద్దు. కణజాలం కాలిపోతుంది, పరీక్షకు ముక్క మిగలదు. లోపల క్యాన్సర్ ఉంటే తెలియకుండానే పెరుగుతుంది. పైపైన గీకి తీసినా చిక్కే. అడుగు భాగం తెగిపోతే లోతు కొలవలేరు. వీలైతే మచ్చ మొత్తాన్ని, చుట్టూ 1 నుంచి 3 మిల్లీమీటర్ల చర్మంతో, కింది కొవ్వు పొర వరకు కోసి తీయడం సరైన పద్ధతి. మచ్చ మరీ పెద్దదైతే డాక్టర్ ముందు కొంత భాగమే తీయవచ్చు. చిన్న మచ్చయితే ఆ చోటికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి తీస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు.

అంచనా బిల్లు రాసివ్వమని అడగండి. తీసినందుకు ఒక మొత్తం చెప్పి, పాథాలజీ ల్యాబ్ ఫీజు విడిగా వేయడం మామూలే. ల్యాబ్‌లో ముక్కకు వేసే మామూలు రంగుతో తేలకపోతే ప్రత్యేక పరీక్షలు చేస్తారు, వాటికీ విడిగా పడుతుంది. కట్లు, కుట్లు విప్పే రోజు ఫీజు కూడా అడిగి తెలుసుకోండి. అరికాలి కుట్లు సుమారు 2 వారాలుంటాయి కాబట్టి నిలబడి చేసే ఉద్యోగమైతే ఆ జీతం నష్టం కూడా లెక్కలో వేయాలి. అంచుల్లో కణాలు మిగిలాయని వస్తే రెండోసారి కోయాలి. మొదటి బిల్లంత మొత్తం మరొకటి పక్కన పెట్టుకోమంటాను.

క్లెయిమ్ వేస్తే, అందం కోసం తీయించారని తిరస్కరించే అవకాశం ఉంది. అందుకే ‘మారుతున్న మచ్చ, మెలనోమా అనుమానం, పరీక్ష కోసం తొలగింపు’ అని డాక్టర్‌తో స్పష్టంగా రాయించుకోండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచండి. పాలసీలో దీన్ని డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే ఆసుపత్రి చికిత్స) కింద చూస్తారా, ఔట్ పేషెంట్ కిందా, ముందస్తు అనుమతి కావాలా అన్నది తీయించకముందే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ. ఏవైనా పరీక్షలు పెండింగ్‌లో ఉన్నాయా అని దరఖాస్తులోనే అడుగుతారు. దాస్తే తర్వాత క్లెయిమ్ పోతుంది, కట్టిన ప్రీమియం వృథా. చెబితే చాలా కంపెనీలు రిపోర్టు వచ్చేదాకా ఆపుతాయి. పైగా పైపొరకే పరిమితమైన మెలనోమాకు చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. కాబట్టి ఇప్పుడు తొందరపడి లాభం లేదు. ఇలా తీసిన మచ్చల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. అలా వస్తే రిపోర్టు జతచేసి అప్పుడు దరఖాస్తు చేయండి. ఈలోగా ఉన్న పాలసీల ప్రీమియం ఒక్కటీ తప్పనివ్వకండి, కంపెనీ మారకండి.

రిపోర్టు పూర్తి ప్రతి మీ దగ్గర ఉండాలి. క్యాన్సర్ అని వస్తే అందులో లోతు, పుండు ఉందా లేదా, అంచుల పరిస్థితి ఉన్నాయో లేదో చూసుకోండి. కచ్చితంగా చెప్పలేమని రాస్తే, తీసిన ముక్కను భద్రపరిచిన అదే మైనపు బ్లాకును, స్లైడ్లను చర్మ పాథాలజీ నిపుణులకు పంపమని అడగవచ్చు. మళ్లీ కోయించుకోనక్కర్లేదు, రెండో అభిప్రాయం ఫీజు ఒక్కటే అదనం.