ఒగ్గు కథ విన్నాక బాపు మారాడు.. ఆపేసిన టీబీ మాత్రలు మళ్లీ వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా బాపుకు 58 ఏళ్లు. టీబీ అని తేలాక రెండు నెలలు మాత్రలు వేసుకుని ఆపేశాడు. మూడు నెలలుగా మేం బతిమాలినా, ఆశా అక్క చెప్పినా వినలేదు. మొన్న మా ఊళ్లో టీబీ మీద ఒగ్గు కథ చెప్పారు. అందులో ఒకాయన ‘మూత్రం ఎర్రగ వస్తున్నది, నా కిడ్నీలు పోయినయ్’ అని ఏడుస్తుంటే జనమంతా నవ్వారు. ఇంటికొచ్చి బాపు మెల్లగా ‘నేను గూడ అందుకే ఆపిన’ అన్నాడు. ఇప్పుడు వేసుకుంటానంటున్నాడు. మిగిలిన మాత్రలు మొదలుపెట్టవచ్చా? కథకు ఇంత బలం ఉంటుందా?
– ఒక సోదరి, హనుమకొండ జిల్లా

జవాబు: మిగిలిన మాత్రలు మాత్రం వేయకండి. ఇన్నాళ్లు ఆపాక తెమడ మళ్లీ పరీక్షించాలి. టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో సీబీనాట్, ట్రూనాట్ పరీక్షల్లో కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. లొంగకపోతే మందులే వేరు. లొంగితే మామూలుగా ఆరు నెలల కోర్సు: రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. ప్రభుత్వ ఆస్పత్రిలో అన్నీ ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు, అది కూడా అడగండి.

ఇక ఆ ఎరుపు. అది రిఫాంపిసిన్ రంగు. మూత్రమే కాదు, చెమట, కన్నీళ్లు కూడా ఆ రంగుకు తిరగొచ్చు. ఆ రంగు వల్ల కిడ్నీలకు ఏమీ కాదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకున్నా, చూపు మసకబారినా మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తాగే అలవాటుంటే దాచొద్దు, ఈ మందులు కాలేయం మీద భారం వేస్తాయి.

నిజానికి ఈ ముక్క మందులిచ్చిన రోజే ఎవరైనా మీ బాపుకు చెప్పాల్సింది. ఓపీలో ‘ఆరు నెలలు వాడాలి, ఆపొద్దు’ అంటాం, పేషెంటు తలూపుతాడు, అయిపోయింది. మూత్రం సంగతి డాక్టరు ముందు ఎత్తడానికి ఆ వయసు మనిషికి సిగ్గు. కథలో అదే మాట ఇంకొకడు అనేసరికి, పక్కనున్న నలుగురూ నవ్వేసరికి, ఆ సిగ్గు పోయింది. డోలు, తాళాల నడుమ మల్లన్న కథ, ఎల్లమ్మ కథ చెప్పే గొంతు ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా గోడల మీది ‘క్షయ నిర్మూలన’ పోస్టర్లు ఆయనతో ఎప్పుడు మాట్లాడాయి గనక?

కళలు ఆరోగ్యానికి మేలు చేస్తాయా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3000కు పైగా అధ్యయనాలను కలిపి చూసింది. జబ్బు రాకుండా చూసుకోవడంలోనూ, వచ్చినదాన్ని నెట్టుకురావడంలోనూ సాయపడతాయని తేల్చింది. మన వరంగల్‌లో వైద్య విశ్వవిద్యాలయానికి ఉన్నది కాళోజీ అనే కవి పేరే కదా!

అయితే కథ క్రిమిని చంపదు. ఊరు దాటాక డోలు చప్పుడు నాలుగు రోజులు చెవిలో ఉంటుంది, అంతే. ఈ ఊపులోనే, ఈ వారమే, ఆశా అక్కను వెంటబెట్టుకుని బాపును తీసుకెళ్లండి. పొద్దున లేవగానే వచ్చే తెమడ పరీక్షకు మంచిది. ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలుంటే వాళ్లకు, పరీక్ష చేయించండి. మందు ఎందుకు ఆపాడో అక్కడ మీరు చెప్పొద్దు, ఆయన నోటితోనే చెప్పనివ్వండి.