నాన్నకి సోరియాటిక్ ఆర్థరైటిస్ ఉంటే నాకూ వస్తుందా? జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

మీ నాన్నగారికి సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్ అనే చర్మవ్యాధితో ముడిపడిన కీళ్లవాతం) ఉంది, మీకు ఒంటి మీద మచ్చ ఒక్కటి కూడా లేదు, కానీ పొద్దున లేవగానే మడమ నొప్పి, హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జీన్ టెస్ట్ చేయించుకుంటే తేలిపోతుందా అని అడిగారు. తేలదండీ. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా నాన్నకి ఎప్పటి నుంచో సోరియాసిస్, మోచేతుల మీదా తలలోనూ తెల్లటి పొట్టు రాలేది, కీళ్లు మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. నాకు 31 ఏళ్లప్పుడు కుడికాలి రెండో వేలు మొదలు నుంచి కొస దాకా వాచి చిన్న చిలగడదుంపలా తయారైంది, చెప్పు కూడా పట్టేది కాదు. మొదట చూసిన డాక్టరు యూరిక్ యాసిడ్ అన్నారు. రిపోర్టులో నార్మల్‌గానే ఉంది, అయినా ఏడు నెలలు పప్పూ టమాటా మానేశాను. ఈలోగా మడమ మొదలైంది, మంచం దిగి మొదటి నాలుగడుగులు గోడ పట్టుకుని వేసేవాణ్ణి. ఇంకో డాక్టరేమో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ వాతానికి చేసే రక్తపరీక్ష) నెగెటివ్ కాబట్టి ఇది వాతం కాదు పొమ్మన్నారు.

చివరికి రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతాల డాక్టరు, దగ్గరికి వెళ్తే ఆయన కాలు చూడకముందే చేతులు చాపమన్నారు. గోళ్ల మీద గుండుసూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు, ఉంగరపు వేలి గోరు కొస లేచిపోయి పచ్చగా ఉంది. అది ఫంగస్ అనుకుని నేను ఏడాదిగా ఏదో ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. "ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉందా?" అన్నారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు, నాన్న మోచేతికీ నా కాలివేలికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు!

2006లో వచ్చిన కాస్పర్ అనే లెక్క ఒకటి ఉంది. కీళ్లలో వాపు ఉన్నవాళ్లకి ఇలా పాయింట్లు వేస్తారు: ఇప్పుడు సోరియాసిస్ ఉంటే 2, తనకి లేకపోయినా దగ్గరి రక్తసంబంధీకులకు ఉంటే 1, గోళ్ల మార్పులకి 1, వేలంతా వాస్తే 1, ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ అయితే 1. మొత్తం 3 వస్తే చాలు, సోరియాటిక్ ఆర్థరైటిస్ కింద లెక్కేస్తారు. ఒంటి మీద ఏమీ లేకుండానే నాకు 4 వచ్చాయి. నాకు వాతం లేదనడానికి చూపించిన ఆ నెగెటివ్ రిపోర్టే ఇక్కడ ఒక పాయింటు, అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక మీరడిగిన బీ27. నాకు నెగెటివ్. మా తమ్ముడికి పాజిటివ్, వాడు రోజూ షటిల్ ఆడతాడు, ఏ నొప్పీ లేదు. ఇది ఒక్క జీన్‌తో వచ్చే జబ్బు కాదు. 6వ క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జీన్లలో బీ27 ఉంటే వెన్నూ నడుమూ పట్టే రకం ఎక్కువ, సీడబ్ల్యూ6 ఉంటే చర్మం మీద సోరియాసిస్ చిన్న వయసులోనే వస్తుంది కానీ కీళ్ల దాకా రావడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది, బీ38, బీ39 కూడా ఈ గుంపులోవే. ఇవి కాక ఐఎల్23ఆర్ లాంటి వేరే జీన్లు కూడా జబ్బు వైపు తలా కాస్త తోస్తాయి. బీ27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు, ఈ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి బీ27 ఉండదు. ఇంకేం తేలుతుంది చెప్పండి?

అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ కీళ్ల జబ్బు ఉంటే ముప్పై రెట్లు రిస్క్ అని ఎక్కడో చదివి టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఆ లెక్క అబద్ధం కాదు, కానీ మామూలు జనంలో ఇది వెయ్యికి ఒకరిద్దరికి వచ్చేది, దానికి ముప్పై రెట్లన్నా వందలో కొద్దిమందే. మాది మేనరికం ఇల్లు, అందుకే వచ్చిందని మా పెద్దమ్మ వాదన. మేనరికం దానంతటది ఈ జబ్బు తెచ్చిపెట్టదు, కాకపోతే సోరియాసిస్ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం 14 శాతం దాకా, ఇద్దరికీ ఉంటే 40 శాతం దాకా అంటారు. జీన్లకి తోడు ఇంకేవో కలవాలి కూడా. నేనప్పుడు 94 కిలోలు, పైగా ఆ వేలికే కొన్ని నెలల ముందు బైక్ స్టాండ్ గట్టిగా తగిలింది. బరువూ దెబ్బలూ రెండూ దీనికి దోహదం చేసేవే.

ఆ టెస్ట్ డబ్బులు రుమటాలజిస్ట్ ఫీజుకి పెట్టండి, ఆయన కావాలంటే అప్పుడు చేయించుకోండి. వెళ్లేముందు గోళ్లు వెలుతురులో చూసుకోండి, తలలోనూ చెవుల వెనకా బొడ్డులోనూ పిరుదుల మధ్యా కూడా, చుండ్రు అని కొట్టిపారేసేది ఒక్కోసారి సోరియాసిసే అవుతుంది. నాన్నగారి సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయండి. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ బిళ్లలు మాత్రం వద్దు, ఆపగానే సోరియాసిస్ విరుచుకుపడే ప్రమాదం ఉంది. నేను మెథోట్రెక్సేట్ అనే మందు మీద ఉన్నాను, ఆదివారం ఆదివారం, వారానికి ఒక్కసారే. వేలు ఇప్పుడు చెప్పులో పడుతుంది.

ఇంతకీ మీ మడమ పొద్దున పట్టేయడం అరగంట దాటి ఉంటోందా, నాలుగడుగులు వేస్తే వదిలేస్తోందా? అది రాయలేదు మీరు.