ముందు ఏ పైథాన్ పలుకుతోందో చూడు

చిన్నీ,

నువ్వు రాత్రి పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. పట్టికల డేటా చూసే పైథాన్ లైబ్రరీ పాండాస్ ఇంపోర్ట్ చేయగానే బారెడు ఎర్రర్ వచ్చిందని, దానికి ఆధారమైన అంకెల లైబ్రరీ నంపైని మూడుసార్లు తీసేసి మూడుసార్లు వేశానని రాశావు. కంగారులో అందరం చేసే పనే. ఇకమీదట మాత్రం వెంటనే పిప్ (లైబ్రరీలు వేసే, తీసే సాధనం) జోలికి పోకు.

ఎర్రర్‌ని కిందినుంచి పైకి చదువు. నీ చివరి లైన్‌లో నంపై డీటైప్ (డేటా ఏ రకమో చెప్పే ముక్క) సైజు మారిందని ఉంది కదా, అదీ సంగతి. నంపై 2.0 2024 జూన్‌లో వచ్చింది. 2006 నాటి 1.0 తర్వాత మొదటి అంకె మారడం అదే. లోపల సి భాషలో ఉన్న భాగాల అమరిక కూడా మారింది. పాత కొలతలతో కంపైలైన పాండాస్ దానికి అతకదు. మూడు లీటర్ల కుక్కర్‌కి ఐదు లీటర్ల గాస్కెట్ పెట్టినట్టు, రెండూ మంచివే, మూత మాత్రం పట్టదు. పాండాస్ 2.2.2 నుంచి ఈ గొడవ లేదు.

పిప్ లిస్ట్‌లో నంపై 1.26 కనిపిస్తుంటే బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో మాత్రం 2 అంటోందన్నావు. అసలు చిక్కు ఇదే. నీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ ఒక్కటే ఉందనుకుంటున్నావు. జూపిటర్‌లోనే సిస్ ఇంపోర్ట్ చేసి, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ అని కొట్టు, నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో ఆ దారి చూపిస్తుంది. టెర్మినల్‌లోనూ పైథాన్ తెరిచి అదే కొట్టు. రెండు దారులూ వేరైతే, నువ్వు ఇన్నిసార్లు వేసిందంతా పక్కింట్లో వేసినట్టే. ఆ తర్వాత నంపై ఫైల్ ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో కూడా చూడు. నేనొకసారి నంపై డాట్ పై అని నా పరీక్ష ఫైల్‌కే పేరు పెట్టుకుని, లైబ్రరీలో అర్రే (అంకెల వరుస) లేదేమిటా అని ఒక పూటంతా తల పట్టుకున్నాను. పైథాన్ షెల్ ముందు నువ్వున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది మరి.

జూపిటర్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి పిప్ నడపకు, అది ఏ పైథాన్‌కి వేస్తుందో చెప్పలేం. పర్సెంట్ గుర్తు పెడితే కెర్నల్‌కే, అంటే ఆ నోట్‌బుక్‌ని వెనక నడిపే పైథాన్‌కే వేస్తుంది. టెర్మినల్‌లో అయితే పైథాన్ హైఫన్ ఎమ్ పిప్ అని మొదలుపెట్టు. నంపై, పాండాస్ రెండూ ఒకే కమాండ్‌లో అడుగు. ఒక్కదాన్నే అడిగితే, ఇంకోదానితో పొసగట్లేదని రెండు లైన్లు గొణిగి, అడిగింది వేసేస్తుంది. నంపై 2 కంటే తక్కువ కావాలంటే ఆ ముక్కని కోట్స్‌లో పెట్టు, లేకపోతే టెర్మినల్ 2 అనే ఫైల్ కోసం వెతుకుతుంది. నవ్వకు, నాకు జరిగింది.

వేశాక కెర్నల్ రీస్టార్ట్ చెయ్యి. ఒకసారి ఇంపోర్ట్ అయినది సిస్ డాట్ మాడ్యూల్స్‌లో కూర్చుంటుంది, మళ్లీ ఇంపోర్ట్ అన్నా ఆ పాతదే చేతికిస్తుంది. రీలోడ్‌ని కూడా నమ్మకు, సి భాగాలకి అది పనికిరాదు.

కొత్త ప్రాజెక్ట్‌కి వేరే వెన్వ్ (దాని లైబ్రరీలకి విడి గది లాంటిది) పెట్టుకో, అది ఈ ఆదివారం కూర్చుని చేద్దాం. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు ఎర్రర్ చదవకు, ముందు ఆ రెండు దారులూ చదివి వినిపించు.

పిన్ని